మిన్నెసోటాలో ఒక యడ్లపాడు: క్లాంటార్ఫ్ అనే ఐరిష్ ఊరి సంగతి ఎవరికైనా తెలుసా?

మంచుబాట | జనవరి 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మావారు డాక్టరు. జె-1 వేవర్ (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే ఇచ్చే వీసా సడలింపు) ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికే పోవాలి కదా, అలా పోయిన వేసవిలో పశ్చిమ మిన్నెసోటాకి వచ్చిపడ్డాం. మినియాపోలిస్ రెండున్నర గంటలు. కరివేపాకు కావాలన్నా అంత దూరం పోవాల్సిందే.

వారానికి రెండుసార్లు బెన్సన్ నుంచి మోరిస్‌కి 9వ నంబరు హైవే మీద కారు నడుపుతాను. బయల్దేరిన పది నిమిషాలకి క్లాంటార్ఫ్ అని ఒక బోర్డు వస్తుంది. స్పీడు తగ్గించేలోపే ఊరు అయిపోతుంది. రైలు పట్టాలు, ఒక చర్చి, కొన్ని ఇళ్ళు. 2010 లెక్కల్లో జనాభా 164. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు ఒక్క బ్లాకులోనే అంతకన్నా ఎక్కువమంది ఉండేవాళ్ళం.

ఇక్కడ చుట్టుపక్కల అంతా నార్వే, స్వీడన్‌ల నుంచి వచ్చినవాళ్ళ సంతతే. సగం ఇంటిపేర్ల చివర 'సన్' ఉంటుంది. మరి ఈ పేరేంటని ఇక్కడి ఒకావిణ్ణి అడిగితే "అది ఐరిష్ ఊరు" అని ఊరుకుంది. నేనైతే జర్మన్ పేరనుకున్నా. సముద్రం ఒడ్డున బతికే ఐరిష్ వాళ్ళు ఈ చలిలోకి వచ్చి ఊరెందుకు కట్టుకున్నారో ఎవరైనా చెప్తారా?

పచ్చడి జాడీ | జనవరి 11, రాత్రి 10:05

కరివేపాకుకి రెండున్నర గంటలా! చెల్లీ, ముందు ఒక పెద్ద ఫ్రీజరు కొను. ఐరిష్ సంగతి తర్వాత.

పాత పటాలు | జనవరి 11, రాత్రి 11:30

మంచి ప్రశ్న వేశారు. నాకు పాత మ్యాపుల పిచ్చి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

క్లాంటార్ఫ్ అనేది డబ్లిన్ పక్కన సముద్రం ఒడ్డునున్న ప్రాంతం. 1014లో గుడ్ ఫ్రైడే రోజున అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. బ్రయన్ బోరు అనే ఐరిష్ రాజు సైన్యం ఒకవైపు, డబ్లిన్ వైకింగులు (నార్వే, డెన్మార్క్‌ల వైపు నుంచి ఓడల్లో వచ్చి దిగినవాళ్ళు), వాళ్ళతో చేతులు కలిపిన లీన్‌స్టర్ ప్రాంతపు ఐరిష్ వాళ్ళు రెండోవైపు. బ్రయన్ పక్షం గెలిచింది, బ్రయన్ మాత్రం అదే రోజు చనిపోయాడు. ఐరిష్ వాళ్ళకి అది మన పల్నాటి యుద్ధం లాంటి జ్ఞాపకం. తమాషా ఏమిటంటే, వైకింగుల్ని ఓడించిన యుద్ధం పేరు పెట్టుకున్న ఈ ఊరి చుట్టూ ఉన్నదంతా ఆ వైకింగుల మునిమనవలే!

క్లాంటార్ఫ్ ఉన్న స్విఫ్ట్ కౌంటీ మ్యాపు తెరిచి టౌన్‌షిప్‌ల (మన మండలాల్లాంటివి) పేర్లు చూడండి. డబ్లిన్, కిల్డేర్, క్యాషెల్, టారా, క్లాంటార్ఫ్. అన్నీ ఐర్లాండ్ పేర్లే. వాటి పక్కనే స్వెనోడా అని ఇంకోటి ఉంటుంది. స్వీడిష్, నార్వీజియన్, డేనిష్ అనే మాటల మొదటి ముక్కలు కలిపి చేసిన పేరది. మా నెల్లూరులో ముగ్గురు పార్ట్‌నర్లు కలిసి లాడ్జికి పేరు పెట్టినట్టు.

ఊరు పుట్టింది 1870లలో. పుట్టించినవాడు ఒక బిషప్పు. ఆయన ఇంటిపేరే ఐర్లాండ్. జాన్ ఐర్లాండ్.

యడ్లపాడు బుల్లోడు | జనవరి 12, ఉదయం 7:15

పాత పటాలు సార్, ఆ పేరుకి అర్థం చెప్పడం మర్చిపోయారు. ఐరిష్‌లో 'క్లూన్ టార్వ్' అంటే ఎద్దుల పచ్చిక అట. అంటే మా ఊరే కదండీ! గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో మా యడ్లపాడు. మంచుబాట అక్కా, మీరు రోజూ మా ఊరి మీదుగానే పోతున్నారన్నమాట.

మంచుబాట | జనవరి 12, ఉదయం 8:02

😀 ఈసారి హారన్ కొట్టి వెళ్తాను తమ్ముడూ. పాత పటాలు గారూ, బిషప్పుకి ఊళ్ళు కట్టే పనేంటి? చర్చిలు కట్టాలి గానీ.

సెయింట్‌పాల్ సూరి | జనవరి 12, మధ్యాహ్నం 12:48

ఇరవై రెండేళ్ళుగా మినియాపోలిస్ పక్కనున్న సెయింట్ పాల్‌లో ఉంటున్నాను. ఈ బిషప్పు గురించి తెలుసుకోకుండా ఇక్కడ బతకడం కష్టం, ఊరంతా ఆయన ముద్రలే. కొండమీది కెథీడ్రల్ ఆయన కట్టించిందే.

1838లో కిల్కెన్నీ జిల్లాలో పుట్టాడు. ఆయనకి పదేళ్ళు నిండకముందే బంగాళాదుంప తెగులు వచ్చి ఐర్లాండ్‌లో పది లక్షలమంది చనిపోయారు, ఇంకో పది లక్షలమంది ఓడలెక్కారు. వీళ్ళ కుటుంబమూ వలస వచ్చి 1852లో సెయింట్ పాల్ చేరింది. చదువు ఫ్రాన్స్‌లో. అంతర్యుద్ధంలో మిన్నెసోటా ఐదో రెజిమెంటుకి ఫాదరుగా వెళ్ళాడు.

అప్పట్లో అమెరికా వచ్చిన ఐరిష్ వాళ్ళు చాలామంది పల్లెటూరి వాళ్ళే. కానీ దిగిన తర్వాత బోస్టన్, న్యూయార్క్ మురికివాడల్లో, గనుల్లో, కాలవ తవ్వకాల్లో ఇరుక్కుపోయారు. వీళ్ళని మళ్ళీ పొలం మీదకి తీసుకురావాలని ఆయన పట్టుదల. పేదరికం ఒకటి, తాగుడు ఒకటి ఆయనకి శత్రువులు. మద్యం మీద జీవితమంతా పోట్లాడాడు. తన కాలనీల్లో సారా కొట్లు ఉండకూడదన్నాడు.

ఇక ఊళ్ళెలా కట్టాడంటే, రైలు కంపెనీతో బేరం పెట్టుకుని. ప్రభుత్వం రైలు కంపెనీలకి పట్టాల పక్కన భూములు ఉచితంగా ఇచ్చింది. చదరంగం గళ్ళలాగా ఒక గడి కంపెనీది, ఒక గడి సర్కారుది. సర్కారు గడిలో హోమ్‌స్టెడ్ చట్టం కింద కాపురముండి సాగుచేస్తే భూమి ఉచితం, కంపెనీ గడిలో కొనుక్కోవాలి. 1876లో బిషప్పు ఒక క్యాథలిక్ కాలనీల సంస్థ పెట్టి, సెయింట్ పాల్ అండ్ పసిఫిక్ రైల్వేకి స్విఫ్ట్ కౌంటీలో ఉన్న 75,000 ఎకరాలు అమ్మే హక్కు తనొక్కడే తీసుకున్నాడు. ఆ భూమి మీద లేచినవే డి గ్రాఫ్, క్లాంటార్ఫ్. డి గ్రాఫ్ అనేది ఆ రైలు మార్గం వేసిన కాంట్రాక్టరు పేరు.

చర్చి ముందు, జనం తర్వాత. ఊళ్ళో ఫాదర్ ఉన్నాడంటే జనానికి ధైర్యం. మీరు చూసే ఆ చర్చి సెయింట్ మలాకీ పేరున ఉంది. ఆయన 12వ శతాబ్దపు ఐరిష్ సెయింటు.

వర్ని రోడ్డు | జనవరి 12, సాయంత్రం 6:20

ఇది చదువుతుంటే మా నిజామాబాద్ దిక్కు క్యాంపులు యాదికొచ్చినయ్. నిజాంసాగర్ కాలువలు వచ్చినంక కృష్ణా, గుంటూరు నుంచి రైతులు వచ్చి మా దగ్గర భూములు కొని ఊళ్ళు కట్టుకున్నరు. వాళ్ళ ఇళ్ళు వేరే, గుడి వేరే, కోడిపందేలు వేరే. మా తాత వాళ్ళ దగ్గరే వరి నాటుడు నేర్చుకున్నడు. మూడు తరాలైనా ఆ ఊళ్ళని ఇంకా క్యాంపే అంటరు.

కానీ ఒక్క తేడా. వాళ్ళు డెల్టా నుంచి డెల్టా లాంటి భూమికే వచ్చిండ్రు, పని తెలిసినోళ్ళు. ఈ ఐరిష్ వాళ్ళకి ఆ గడ్డి నేల దున్నుడు తెలుసా?

సెయింట్‌పాల్ సూరి | జనవరి 12, రాత్రి 8:55

వర్ని రోడ్డు అన్నా, సరైన చోట పట్టుకున్నారు. క్లాంటార్ఫ్‌కి వచ్చినవాళ్ళలో చాలామంది ఐర్లాండ్ నుంచి నేరుగా దిగినవాళ్ళు కాదు. అమెరికా తూర్పున కొన్నేళ్ళు పనిచేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళు. బిషప్పు కూడా ఉత్త చేతులతో రావద్దనే చెప్పేవాడు. మొదటి పంట వచ్చేదాకా తినడానికి, ఎడ్లకి, నాగలికి, ఇంటి చెక్కకి డబ్బుండాలి.

అయినా సుఖం లేదు. 1873 నుంచి 1877 దాకా మిన్నెసోటా మీద మిడతల దండు పడింది. గోధుమ పైరు మొదళ్ళదాకా తినేసేవి. 1877 ఏప్రిల్ 26న గవర్నరు రాష్ట్రమంతా ప్రార్థన చేయమని పిలుపిచ్చాడు. సరిగ్గా అదే కాలంలో ఈ ఐరిష్ వాళ్ళు వచ్చి దిగారు. ఆ వేసవిలో మిడతలు లేచిపోయాయి. అది కూడా ప్రార్థన ఫలమేనని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు.

నల్లరేగడి | జనవరి 12, రాత్రి 10:31

అందరూ బిషప్పు గారి ఉదారత గురించి రాస్తున్నారు. ఆ 75,000 ఎకరాలు రైలు కంపెనీకి ఎక్కణ్ణుంచి వచ్చాయి? సర్కారు ఇచ్చింది. సర్కారుకి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

1851లో డకోటా అనే స్థానిక తెగల దగ్గర ఒప్పందాల పేరుతో దక్షిణ మిన్నెసోటా దాదాపు మొత్తం, సుమారు 2.4 కోట్ల ఎకరాలు రాయించుకున్నారు. ఇస్తామన్న డబ్బు, తిండి సరిగ్గా ఇవ్వలేదు. ఆకలికి తట్టుకోలేక 1862లో తిరగబడ్డారు. డిసెంబర్ 26న మంకేటోలో 38 మందిని ఒకే ఉరికంబం మీద వేలాడదీశారు. మరుసటి ఏడు డకోటాల్ని రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు. పద్నాలుగేళ్ళు తిరక్కుండా అక్కడ డబ్లిన్, కిల్డేర్ అని బోర్డులు. ఇంగ్లీషు భూస్వాములు తమ ఊళ్ళు లాక్కున్నారని ఏడ్చినవాళ్ళు ఇంకొకళ్ళ ఊళ్ళ మీద తమ ఊళ్ళ పేర్లు రాసుకున్నారు.

పచ్చడి జాడీ | జనవరి 12, రాత్రి 10:50

అన్నా, ఆకలితో ఓడ దిగినవాడికి ఇదంతా తెలుసంటారా? వాడికి భూమి ఇస్తామన్నారు, వచ్చాడు. మనం గ్రీన్ కార్డు కోసం వచ్చినప్పుడు ఇది ఎవరి నేల అని అడిగామా?

నల్లరేగడి | జనవరి 12, రాత్రి 11:04

అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నా.

పాత పటాలు | జనవరి 13, ఉదయం 6:40

నల్లరేగడి గారు చెప్పింది నిజమే. ఇంకో ముక్క కలుపుతా. క్లాంటార్ఫ్‌లోనే చర్చివాళ్ళు ఒక ఇండస్ట్రియల్ స్కూలు నడిపారు. అందులో తెగల మగపిల్లల్ని పెట్టేవాళ్ళు. వాళ్ళకి ప్రభుత్వం తలకి ఇంత అని డబ్బు కట్టేది. తల్లిదండ్రులకి దూరంగా పెట్టి వ్యవసాయం, చేతిపనులు నేర్పడం అప్పటి పద్ధతి. సొంత భాష పోగొట్టుకుంటున్నామని బాధపడే ఐరిష్ వాళ్ళ ఊళ్ళో ఇంకొకళ్ళ పిల్లల భాష మాన్పించే బడి!

మోరిస్‌లోనూ అలాంటిదే సిస్టర్లు పెట్టిన బడి ఉండేది. తర్వాత ప్రభుత్వం తీసుకుని 1909లో రాష్ట్రానికి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టింది, అక్కడ తెగల పిల్లలకి ఫీజు ఉండకూడదని. ఇవాళ ఆ స్థలంలో మిన్నెసోటా యూనివర్సిటీ మోరిస్ క్యాంపస్ ఉంది. ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది. మంచుబాట గారూ, మీరు వారానికి రెండుసార్లు వెళ్ళే ఊరే.

మంచుబాట | జనవరి 13, ఉదయం 9:18

మా పాప స్విమ్మింగ్ క్లాసు ఆ క్యాంపస్‌లోనే. ఇవాళ మధ్యాహ్నం వెళ్ళాలి.

రాజమండ్రి రాముడు | జనవరి 13, ఉదయం 10:10

ఐరిష్ అనగానే నాకు వి.వి.గిరి గారే గుర్తొస్తారు. డబ్లిన్‌లో లా చదవడానికి 1913లో వెళ్ళి, అక్కడి స్వాతంత్ర్య పోరాటంలో పడి 1916లో తిరిగొచ్చేశారు.

మోడరేటర్ | జనవరి 13, ఉదయం 10:15

రాముడు గారూ, గిరి గారి కోసం వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. నల్లరేగడి, పచ్చడి జాడీ మీరిద్దరూ గ్రీన్ కార్డు గొడవ ఇక్కడ తేవద్దు.

సెయింట్‌పాల్ సూరి | జనవరి 13, రాత్రి 9:33

నిన్న వర్ని రోడ్డు అన్న అడిగినదానికి అసలు జవాబు క్లాంటార్ఫ్‌లో లేదు, గ్రేస్‌విల్‌లో ఉంది. మోరిస్ నుంచి పడమటికి 28వ నంబరు రోడ్డు మీద వెళ్తే వస్తుంది. అదీ ఈ బిషప్పు పెట్టిన కాలనీయే, 1878లో. అక్కడ జరిగిన సంగతి ఇక్కడి ఐరిష్ పెద్దలు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్తారు.

1879లో ఐర్లాండ్ పడమటి తీరాన మళ్ళీ పంట పోయింది. కోనమారా అని రాళ్ళు తప్ప మట్టి కనపడని ప్రాంతం. జనం చేపలు పట్టుకుని, రాళ్ళ మధ్య సముద్రపు నాచు పరిచి దుంపలు వేసుకుని బతికేవాళ్ళు. చాలామందికి ఇంగ్లీషు రాదు, ఐరిషే మాట్లాడేవాళ్ళు. లివర్‌పూల్‌లో ఉన్న ఫాదర్ నుజెంట్ చందాలు పోగుచేసి, వీళ్ళలో కొన్ని కుటుంబాల్ని పంపుతాను, తీసుకుంటావా అని బిషప్పుకి రాశాడు. ఆయన సరే అన్నాడు. 1880 జూన్‌లో సుమారు 300 మంది బోస్టన్‌లో దిగారు. ఎదురెళ్ళి తీసుకురావడానికి వెళ్ళిన కాలనీ సంస్థ కార్యదర్శి డిల్లన్ ఓబ్రయన్ వాళ్ళని చూసి ఉలిక్కిపడ్డాడట, అంత చిక్కిపోయి ఉన్నారు.

ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు, ఒక చెక్క ఇల్లు, కొంచెం దున్నిన నేల, విత్తనం, పనిముట్లు అప్పు మీద ఇచ్చారు. కాగితం మీద చూస్తే లోటేమీ లేదు. కానీ వాళ్ళు ఎప్పుడూ గుర్రపు నాగలి పట్టినవాళ్ళు కాదు. గడ్డి వేళ్ళు బెత్తెడు మందాన అల్లుకున్న నేల అది, మామూలు నాగలికి లొంగదు. పైగా జూన్‌లో దిగి ఏం పండిస్తారు? రోజుకూలి దొరికే పనులకి పోయారు.

అక్టోబర్ 15న మంచు తుఫాను మొదలైంది. అక్టోబర్‌లో! అక్కడినుంచి ఏప్రిల్ దాకా ఆగలేదు. ఆ ఏడాది చలికాలాన్ని ఈ ప్రాంతంలో ఇప్పటికీ పేరుపెట్టి చెప్పుకుంటారు. వారాల తరబడి రైళ్ళు నడవలేదు. పలచటి చెక్క గోడలు, కింద పెట్టిన దుంపలు గడ్డకట్టి కుళ్ళిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వెళ్ళి చూస్తే పిల్లలకి ఒంటిమీద బట్ట లేదు, పొయ్యిలో కట్టె లేదు. ఈ సంగతి పత్రికలకెక్కింది. దేశమంతా గోల.

అప్పుడు బిషప్పు ఏమన్నాడంటే, వాళ్ళు సోమరులు, పని ఇస్తే చేయలేదు, విత్తనం ఇస్తే అమ్ముకున్నారు అని. వసంతం రాగానే వాళ్ళని సెయింట్ పాల్ తెచ్చి రైల్వేలోనూ ఇంకోచోటా పనుల్లో పెట్టించాడు. ఫేలెన్ వాగు పక్కన గుడిసెలు వేసుకున్నారు. దాన్నే కోనమారా ప్యాచ్ అనేవాళ్ళు. అంటే ఏ మురికివాడ నుంచి ఐరిష్ వాళ్ళని తప్పించాలని ఆయన కాలనీలు మొదలుపెట్టాడో, చివరికి తన సొంత ఊళ్ళో అలాంటి వాడే ఇంకోటి వెలిసింది.

వర్ని రోడ్డు | జనవరి 13, రాత్రి 10:02

సోమరులా! సముద్రంల పడవేసుకుని పోయి చేపలు పట్టెటోడు సోమరి ఎట్లయితడు సార్.

పాత పటాలు | జనవరి 13, రాత్రి 10:44

బిషప్పు తరఫున ఒక్కమాట. 1876 నుంచి 1881 లోపల పశ్చిమ, నైరుతి మిన్నెసోటాలో ఆయన కాలనీల్లో 4,000కి పైగా కుటుంబాలు స్థిరపడ్డాయి, 4 లక్షల ఎకరాల మీద. అమెరికాలో క్యాథలిక్ చర్చి చేసిన వ్యవసాయ కాలనీల్లో దీని అంత నిలదొక్కుకున్నది లేదు. ఇరవై నాలుగు కుటుంబాలో ముప్పై కుటుంబాలో దెబ్బతింటే మొత్తం పని తప్పనలేం.

సెయింట్‌పాల్ సూరి | జనవరి 13, రాత్రి 11:10

తప్పనడం లేదు సార్. దెబ్బతిన్నది ఎవరో చూడండి. డబ్బుతో వచ్చినవాళ్ళు నిలబడ్డారు. ఎవరికోసమైతే ఈ పథకం అని చెప్పుకున్నారో, ఆ నిరుపేదలు ఒక్క చలికాలం దాటలేకపోయారు. పైగా నింద వాళ్ళమీదే. ఆ చేదు వల్ల బిషప్పు కూడా తర్వాత ఐర్లాండ్ నుంచి నేరుగా పేదల్ని తెచ్చే పని మళ్ళీ తలకెత్తుకోలేదు.

ఒమాహా రమణ | జనవరి 14, ఉదయం 7:50

మీ బిషప్పు సరే, మా నెబ్రాస్కాలో ఈ పని ఒక సైనికుడు చేశాడు. జాన్ ఓనీల్. ఐర్లాండ్‌కి స్వాతంత్ర్యం రావాలంటే కెనడాని పట్టుకుని ఇంగ్లండ్‌తో బేరమాడాలన్నది ఆయన దళంవాళ్ళ ప్లాన్! 1866లో నయాగరా నది దాటి రిడ్జ్‌వేలో కెనడా దళాల్ని ఓడించాడు కూడా. ఆ తర్వాత 1870, 1871లో మళ్ళీ ప్రయత్నించి రెండుసార్లూ పట్టుబడ్డాడు. ఇక ఇది అయ్యేది కాదని 1874లో ఐరిష్ కుటుంబాల్ని వెంటబెట్టుకొచ్చి హోల్ట్ కౌంటీలో ఊరు కట్టాడు. అదే ఓనీల్.

మొదట వచ్చిన ఇరవై మంది గడ్డి పెళ్ళలతో కట్టిన ఒకే ఇంట్లో ఉన్నారు. దానికి పెట్టుకున్న పేరు గ్రాండ్ సెంట్రల్ హోటల్. కష్టంలో కూడా వేళాకోళం మానని జాతి. ఓనీల్ 1878లోనే పోయాడు, ఊరు పెరగడం చూడలేదు. ఇప్పుడు మూడున్నర వేల జనాభా. ఊరి నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలి మొత్తం నిండేలా ఐర్లాండ్ గుర్తైన ఆకుపచ్చ షామ్‌రాక్ ఆకు బొమ్మ వేసి ఉంటుంది. పక్కన ఎమ్మెట్ అని ఇంకో బుల్లి ఊరు, యాభై మంది అటూ ఇటూ. 1803లో ఉరితీసిన ఐరిష్ తిరుగుబాటు నాయకుడు రాబర్ట్ ఎమ్మెట్ పేరు.

మంచుబాట | జనవరి 14, రాత్రి 8:25

ఎంత రాశారండీ అందరూ! ఇవాళ క్లాంటార్ఫ్‌లో కారు ఆపాను. మైనస్ 24. చర్చి ముందు రెండు నిమిషాలు నిలబడేసరికి కనురెప్పలు అతుక్కున్నాయి. కోనమారా పిల్లలు గుర్తొచ్చి లోపల ఎలాగో అయిపోయింది. నాకు కారులో హీటరుంది, ఒంటిమీద మూడు పొరలున్నాయి.

ఒకటి అడగాలి. 75,000 ఎకరాలతో మొదలైన ఊరు 164 మంది దగ్గర ఎందుకు ఆగిపోయింది? కోనమారా వాళ్ళలా ఇక్కడివాళ్ళు పారిపోలేదు కదా.

నల్లరేగడి | జనవరి 14, రాత్రి 9:15

దీనికి జవాబు నా దగ్గరుంది, ఎందుకంటే నేను చేసేది వ్యవసాయ యంత్రాల కంపెనీలో ఉద్యోగమే. ఆ రైలు మార్గం వెంట ఊళ్ళ దూరాలు కొలవండి. ఏడెనిమిది మైళ్ళకి ఒకటి. రైతు గుర్రపు బండిలో గోధుమలు వేసుకుని పొద్దున బయల్దేరి రైలు పక్కనుండే ఎలివేటర్లో (ధాన్యం గిడ్డంగి) పోసి చీకటిపడేలోపు ఇల్లు చేరాలి, అందుకని. కారు, లారీ రాగానే ఆ దూరానికి అర్థం పోయింది. పది నిమిషాల్లో బెన్సన్ వెళ్ళగలిగితే క్లాంటార్ఫ్‌లో కిరాణా కొట్టెందుకు? కౌంటీ ఆఫీసులు కూడా బెన్సన్‌లోనే.

రెండోది కమతం. అప్పుడు 160 ఎకరాలకి ఒక కుటుంబం, ఏడెనిమిది మంది పిల్లలు. ఇప్పుడు మొక్కజొన్న, సోయా వేసే ఒక్క రైతు వెయ్యి ఎకరాలు దాటి చేస్తున్నాడు. నేల అంతే ఉంది, ఇళ్ళు తగ్గాయి. బడి మూసేస్తే పిల్లలున్నవాళ్ళు ఉండరు. చివరిదాకా నిలిచేది చర్చి, శ్మశానం.

వర్ని రోడ్డు | జనవరి 14, రాత్రి 9:40

మా క్యాంపుల్లో కూడా సగం ఇళ్ళకి తాళాలే. పిల్లలంతా మీ దిక్కే వచ్చిండ్రు.

మంచుబాట | జనవరి 14, రాత్రి 10:12

వచ్చే శనివారం మంచు కురవకపోతే గ్రేస్‌విల్ వెళ్దామని మావారిని ఒప్పించాను. సూరి గారూ, కోనమారా ప్యాచ్ ఉన్న చోట ఇప్పుడేముంది? మినియాపోలిస్ వచ్చినప్పుడు చూడొచ్చా?

సెయింట్‌పాల్ సూరి | జనవరి 14, రాత్రి 10:30

గుడిసెలు ఎప్పుడో పోయాయమ్మా, అటువైపు ఇప్పుడు రోడ్లు, రైలు పట్టాలు, నడక దారులు. మీరు కరివేపాకుకి వచ్చినప్పుడు చెప్పండి, నేనే తీసుకెళ్తాను. మా ఆవిడ మీకోసం కుండీలో మొక్క కూడా సిద్ధం చేస్తానంటోంది. చలికి తట్టుకునేలా ఇంట్లోనే పెంచాలి సుమా.

యడ్లపాడు బుల్లోడు | జనవరి 15, ఉదయం 6:58

ఈ థ్రెడ్ మొత్తం మా నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "ఇంతకీ ఆ ఊళ్ళో ఎడ్లున్నాయంటరా?" అని అడిగాడు. లేవు నాన్నా, అన్నీ ట్రాక్టర్లే అన్నాను. "మన ఊళ్ళో మాత్రం ఎక్కడున్నాయిలే" అన్నాడు.